తడి గింజలు

అసాయి పళ్ళు పిసికి జురేమా వేళ్ళు ఊదా,
గ్యాసిఫయర్ తారు గీకి గోళ్ళు నలుపు.
పడవలో వచ్చిన టీచరు ఫొటో తీస్తానంటే
చేతులు వెనక్కి దాచుకుంది.

నిరుడు దాకా ఈ గింజలు
మరాజో దీవి బురదలో ఎవరికీ పట్టని గుట్టలు.
డీజిలు నెలకోసారి, వస్తే వచ్చినట్టు.

ఇవాళ గింజలకి తడి తగిలింది.
యంత్రం రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
"అలిగాడు నీ రెండో మొగుడు" అన్నాడు ఒనోఫ్రె.
ఆమె పలకలేదు.
పొయ్యి మీద రేకు పరిచి
గంపెడు గింజలు వేయించి
దాని నోట్లో పోసింది,
పథ్యం పెట్టినట్టు.

ఎనిమిదింటికి
వసారాలో తొలి బల్బు.
పురుగులు ముందొచ్చాయి.
తర్వాత కనపడింది
అతని వలలో అరచేయంత చిరుగు.
ఆర్నెల్లుగా నదిని తిడుతున్నాడు, చేపల్లేవని.

ఒనోఫ్రె ఏమీ అనలేదు.
దారం వెతుక్కున్నాడు.
ఆమె ఇంకో గంప పోసింది.