గుల్లసున్నం

నౌపడ ఉప్పుమళ్ళు దాటి
తంపర ఒడ్డున కుడివైపు తిరిగితే
ఆఖరి బస్సు వెళ్ళిపోయాక కూడా
స్టాపులో నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది.
రికార్డుల్లో దీపస్తంభం.
ఊళ్ళో లైటుమేడ.
మేడ అనడానికి గది ఒక్కటే,
అందులో పక్షుల రెట్ట జానెడు మందం.

నేను కొలతలకి వచ్చాను.
మెట్లు యాభై ఏడని కాగితం,
యాభై ఆరని నా కాళ్ళు.
సూరాడ ఎర్రమ్మ నవ్వింది:
"ఒకటి మా అయ్య ఒట్టుకుపోనాడు బాబూ,
పడవకి లంగరు నేక."
ఆ ఖాళీ దగ్గర ఇప్పుడు అందరం
కాస్త పెద్ద అడుగు వేస్తాం.

కట్టిందెవరో తెలియదు.
రాతిమీద ఒడియా అక్షరాలు రెండు, తెలుగు అంకె ఒకటి,
ఎవరో దొర పేరులో సగం.
మిగతాది ఉప్పుగాలి నాకేసింది.
నూనె లెక్కల పుస్తకంలో మాత్రం, గుమస్తా రాతలో,
పొన్ననూనె ఇంత, వత్తులు ఇన్ని.
ఒక రాత్రి కింద:
"గాలి. దీపము నిలవలేదు. మరల వెలిగించితిని.
నిలవలేదు. మరల."
సంతకం చోట మసి వేలిముద్ర.

సిమెంటు బస్తాలు దిగాయి.
ఎర్రమ్మ గోడని వేళ్ళతో తట్టింది,
గుమ్మడికాయ ముదిరిందో లేదో చూసినట్టు.
"దీనికి ఊపిరాడాల.
సిమెంటెడితే సచ్చిపోద్ది."
తంపరలో గుల్లలు ఏరించింది,
తాటిమట్టలేసి కాల్చింది.
కరక్కాయ నీళ్ళు, బెల్లప్పాకం.
గానుగ మూడు రోజులు తిరిగింది.
నాలుగోనాటికి సున్నం వెన్నలా
ఆమె మోచేతి దాకా జారింది.
చెయ్యి పొక్కింది. చెప్పలేదు.

పై అద్దాన్ని తుఫాను ఎప్పుడో పగలగొట్టింది.
ఒక ముక్క తవిటయ్య సెలూన్లో దొరికింది.
సాయంత్రం ఎండకి
ఎదురుగోడ మీద ఇంద్రధనుస్సు.
ఇమ్మంటే, కత్తెర ఆడిస్తూనే,
"పిల్లలు దాన్ని సూస్తూ తల కదపరు సార్.
మీరు పైనెట్టి ఎవుడికి సూపిస్తారు?"
జవాబు దొరక్క
గెడ్డం గీయించుకుని వచ్చేశాను.

నిజమే, పడవలకి దారి ఇప్పుడు ఫోన్లు చెప్తున్నాయి.
నా రిపోర్టులో "ప్రయోజనం" అన్న గడి
ఇంకా ఖాళీ.

తొలిపూత ఆరిన సాయంత్రం
తంపర నీళ్ళలో తెల్లటి గీత ఒకటి వణికింది.
గెడ వేస్తున్నవాడు చెయ్యాపి చూశాడు.
ఎర్రమ్మ చేతులు కడుక్కోడానికి వంగి
గీతని చెదరగొట్టింది.
అది మళ్ళీ అతుక్కునేదాకా
అక్కడే కూచుంది.