తుప్పు కోత

బిట్రగుంట రైలుకట్ట దిగువన
మా నాయన కాశింపీరా కొట్టు.
కొట్టంటే నాలుగు రేకులు, ఒక కాటా,
ముందర కుప్పబోసిన పాత ఇనుము:
తాడు తెగిన గిలక, పిల్లోడు పెద్దోడైపోయిన మూడుచక్రాల సైకిలు,
పళ్ళూడిన కొడవళ్ళు, పేరు తెలీని బోల్టులు.

తూకంలో మోసం లేదు నాయనకి.
తుప్పు కనబడితే మాత్రం కోత.
"పదికి ఒక కిలో తీసేస్తుండా అంకమ్మవ్వా,
లంగరు చూడు, ఎట్టా ఎర్రబారిందో."
"తుప్పు మాత్రం ఇనుములోంచి రాలేదంట్రా?"
ఈ తగాదా వింటా పెరిగినదాన్ని నేను.

ఎనిమిదో తరగతిలో వెంగమాంబ మేడమ్
బోర్డు మీద బాణం గీసింది.
ఇటు ఇనుము, ఆక్సిజన్. అటు తుప్పు.
"ఇటెన్నో అటన్ని. తుల్యం చెయ్యండి."

తుప్పులో ఆక్సిజన్లు మూడు,
ఇటుపక్క జంటగా రెండే.
మూడుని ఉమ్ముతో చెరిపి రెండు చేశా.
సరిపోయింది గదా!

మేడమ్ తిట్టలేదు, సుద్దముక్క చేతికిచ్చింది.
"కిందుండే చిన్నంకె దాని పుట్టుక మే.
దాన్ని మారిస్తే తుప్పు ఇంకేందో అయిపోద్ది.
తూకం కుదర్లేదని మీ నాయన
కాటారాయిని అరగదీస్తాడా?
ముందర రాసే పెద్దంకె నీది.
ఎన్ని కావాలో అన్ని తెచ్చుకో."

తెచ్చుకున్నా.
జంటలు రెండు తెస్తే నాలుగు, మూళ్ళల్లో పడదు.
మూడు తెస్తే ఆరు.
ఆరంటే రెండు తుప్పులు,
ఒక్కోదాన్లో ఇనుములు రెండు,
అంటే ఇటుపక్క ఒంటరి ఇనుము ముందర
నాలుగు.
ఇటు నాలుగూ ఆరూ, అటు నాలుగూ ఆరూ.
కాటా ముల్లు నడిమధ్యన ఆగినట్టు
ఒళ్ళంతా నిమ్మళమైంది.

ఆ రాత్రి లెక్కలు చూసుకునే నాయన పక్కన
నేనూ ఒక లెక్క వేశా.
ఇనుము యాభయ్యారు, ఆక్సిజన్ పదహారు,
కూడి, భాగించి, రెండుసార్లు సరిచూసి,
"నాయనా, పది కిలోల తుప్పులో
మూడు కిలోలు గాలే!"

"గాలికి తూకమేంది మే?" అని నవ్వి,
నవ్వు మధ్యలో ఆపి,
"అయితే మూడు కొయ్యాల్సిన కాడ
ఒకటే కోస్తుండానా ఇన్నాళ్ళూ?"

గుండె గుభేలుమంది.
నా లెక్క అవ్వ కొంగుముడి మీదికి పోతుండాది.
"కాదు నాయనా! లంగరంతా తుప్పు కాదు గదా.
గీకి చూడు. రాలిందాంట్లోనే మూడు వంతులు గాలి,
ఏడు వంతులు ఇనుమే."

తెల్లారి తీగబ్రష్షు పట్టాడు.
పది కిలోల లంగరుకి రాలింది కిలో.
అందులో గాలి మూడొందల గ్రాములు.
కోత కిలో కాదు, మూడొందలే.
రెండుసార్లు తూచి, నా వైపు చూసి,
మిగతా డబ్బు అవ్వ చేతిలో పెట్టాడు.

అవ్వ లెక్కపెట్టుకుని కదల్లేదు.
"ఆ మూడొందలెవురివిరా?"
"గాలివి అవ్వా."
"ఏ గాలి? మా జువ్వలదిన్నె గాలే గదా!
నలభై ఏళ్ళు మా పడవకాడే తిరిగింది."

నాయన తల గోక్కుని
ఇంకో రెండు రూపాయలు తీశాడు.

నా నోటుబుక్కులో ఆ రెండు రూపాయలు
బాణానికి ఏ పక్కన రాయాలో
మేడమ్‌నడగాలి.