అద్దె మాటలు

ముందు చెప్పులిడువబ్బయా, తర్వాత మాట్లాడుకుందాం.
ఆ నల్లగా కనబడేది తారు కాదు,
సొరనూనె, గుగ్గిలం, మా అమ్మ అరచేతులు.
వాసన పడకపోతే
అల్లూరు బస్సు పదకొండుకుండాది.

ఫోన్లో నువ్వడిగిన పడవ ఇదే.
ఫోటోలో పెద్దగా కనబడిందా? కనబడద్ది.
నా పెండ్లి ఫోటోలో నేనూ పొడుగ్గానే ఉంటా.
ముప్ఫైరెండడుగులు. టేకు పక్కలు, వేప అడుగు.
రాగి మేకులు ఏడొందల పన్నెండు,
జొరమొచ్చి దీంట్లోనే పడుకున్న ఏడాది లెక్కబెట్టినా.
మూతి మీద పేరుండేది,
ఇప్పుడు ‘స’ ఒక్కటే మిగిలింది.
సీతాలో, సరోజో, సముద్రమో.
రంగు తెచ్చి పూరిస్తానంటారు వచ్చినోళ్ళంతా.
వద్దు.

ఇసకపల్లి కొటార్ల ఉప్పుని
కాలవెంట మద్రాసుకి మోసిన కొయ్య ఇది.
మోత ఆగిపోయి నలభై ఏళ్ళయినా
మబ్బు పట్టిందంటే
చెక్కల సందుల్లో తెల్లగా పొడి పూస్తాది.
వేలితో తీసి నాలిక్కి రాసుకో.
మొహం అట్ట పెట్టబాకు, నువ్వడిగిన పాతదనం అదే.

తిరిగేదానికి ఒక రేటు, పందేనికి ఒక రేటు.
తిరిగేదానికి రోజుకి నాలుగు వేలు.
చుక్కాని నువ్వే పట్టుకో,
ఏటి నోటి దాకా పో, మడచెట్ల దాకా పో,
సరుగుడు తోపుల నీడ నీళ్ళలో
ఎంత దూరం సాగితే అంత దూరం పో.
తెల్లారుజామున వెలిగొండల మీంచి దిగే గాలి
నీకు పనిపిల్లోడి మాదిరి చెప్పినట్టు వింటాది.
మధ్యాన్నానికి పడిపోద్ది.
తిట్టబాకు. తెరచాప నీడలో పడుకో.
తుమ్మచెక్క కషాయంలో ముంచిన గుడ్డ అది,
ఎండ దాంట్లో నుంచి ఎర్రగా కారతాది కళ్ళ మీదకి.
గాలి అద్దెలో లేదు. అది రాసుకో.

పందేనికైతే ఎనిమిది వేలూ, నేనూ.

నువ్వెందుకంటావు.
పోయిన గంగమ్మ తిరునాళ్ళకి
రొయ్యల గుంటల హరగోపాలు నన్ను గట్టునే నిలబెట్టి
ఇంజిన్ పడవోణ్ణి తెచ్చుకున్నాడు.
వాడు తెరచాప తాడు లాగి గుంజకి ముడేసినాడు!
కట్టేసేది గేదెని నాయనా.
ఈ తాడు చేతిలో ఉండాల,
బిడ్డ చెయ్యి మాదిరి, లాగితే లాగాల, వదలమంటే వదలాల.
గాలి ఒక్క విసురు విసిరింది.
పడవ పక్కకి వాలి, కడుపునిండా నీళ్ళు తాగి,
మళ్ళీ తనే లేచింది.
ఆయన తడిసిన ఫోన్‌కి
నా అద్దెలో కోసుకున్నాడు.

గెలుస్తామా అంటుండావు.
జువ్వలదిన్నె పడవలు చూసినావా,
ప్లాస్టిక్ చాపలు, ఊదితే పోతాయి.
ఇది బరువుది. సగం దాకా
అందరి వీపులూ చూస్తా పోవాల్సిందే.
మలుపు కాడ గాలి దిక్కు మార్చినప్పుడు
తేలికవన్నీ కోడిపిల్లల మాదిరి గందరగోళం పడతాయి,
ఇది మటుకు నీళ్ళలో కూచోని,
మూటలింకా లోపలున్నట్టే,
తొందర లేకుండా పోతాది.
పందొమ్మిది పందేలు. గెలిచింది రెండు.
అబద్ధం చెప్పి అద్దెకిచ్చే ఇల్లు కాదు వాయిల వజ్రమ్మది.

బయానా తర్వాత. లోపల పెట్టుకో.
రశీదా?
ఇటు రా. ఈ తాడు పట్టుకో.
అట్ట కాదు, బొటనేలు పైకి.
ఆగు... నీళ్ళ మీద ఆ నల్ల గీత
మన కల్లా వస్తుండాది చూడు,
వచ్చింది,
ఇప్పుడు!

లాగింది నువ్వా, అదా?
నిజం చెప్పు. దాన్నిబట్టి ఉంటాది
ఇచ్చేదీ లేనిదీ.

ఏదీ, చెయ్యి చూపించు.
కాలిందిలే. ఊదుకో.
పదకొండు బస్సు ఎప్పుడో పోయింది.