చెంగల్రాయులు నాయన

క్యాష్ వ్యాను డ్రైవరు పనికి
అర్జీ పెట్టేముందు
సూపర్వైజరు వేలాయుధం చెప్పినాడు:
"పోలీసోళ్లు నీ పేరు జల్లెడ పడతారు.
వాళ్లకంటే ముందు నువ్వే పట్టుకో."

నా పేరులో ఏం రాళ్లుంటాయి అనుకున్నా.
పదేండ్లుగా తెల్లారి మూడుకే లేచి
పాలవ్యాను తోలేవాణ్ణి.
గిరింపేట నుంచి మురకంబట్టు దాకా
వీధికుక్కలకు గూడా నా హారను తెలుసు.

స్టేషన్లో రైటరు కమలనాథం
కీబోర్డు మీద దుమ్ము ఉఫ్‌మని ఊది
నా పేరు, ఊరు కొట్టినాడు.
తెరవైపు చూసినాడు, నావైపు చూసినాడు,
కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"నువ్వు పరారీలో ఉండావప్పా."

ఆరేండ్లుగా నంట.
ఆ ఆరేండ్లూ
ఈ స్టేషను టీకి పాలు పోసింది నేనే.
గేటు కాడ సెంట్రీ
పేరు పెట్టి పిలిచి మరీ అడిగేవాడు,
ఇంకో రెండు ప్యాకెట్లు ఎయ్యమని.

కాగితం తీయించినా.
ముద్దాయి: చెంగల్రాయులు.
తండ్రి పేరు గడి ఖాళీ.
వయసు: యాభై నాలుగు.
ఆనవాలు: ఎడమ కనుబొమ్మను రెండుగా కోసిన మచ్చ.
నేరం: గుజ్జు ఫ్యాక్టరీ ముందర
ట్రాక్టరు లోడు బెంగళూరా కాయలు తారురోడ్డున పోసి
మూడు గంటలు బండ్లు ఆపడం.

నాకిప్పుడు ముప్పై మూడు.
నా కనుబొమ్మలు రెండూ సరిగానే ఉండాయి.

ఆ మచ్చ నాకు తెలుసు.
కాయలు కోసే చిక్కం కర్ర
ఎగిరి తగిలిన మచ్చ.
ఆయన భుజాలమీద కూచుని
పైనుంచి వేలితో తడిమేవాణ్ణి.

ఆ రాత్రి లాఠీ తాటించి
ఎవరో అడిగుంటారు, "పేరేందిరా?"
నాయన ఎప్పుడూ చెప్పే మాటే చెప్పుంటాడు.
మండీలో, సంతలో, బస్సులో పక్క సీటాయనకు
నేను పుట్టినకాన్నుంచి చెప్తా వచ్చిన మాట:
"చెంగల్రాయులు నాయన్ని సామీ."
రాసేవాడి ఓపిక
మొదటి మాటకే అయిపోయుంటుంది.

దొరస్వామి అనే సొంత పేరును ఆయన
రేషన్ కార్డుకు తప్ప దేనికీ వాడలేదు.
కేసు సంగతి మాకు చెప్పనే లేదు.
ఆ ఏడు కాయల డబ్బేదని అమ్మ అడిగితే
"వస్తాదిలే" అని
సంగటి ముద్ద పులుసులో అద్దుకున్నాడు.
రెండేండ్లకు కామెర్లతో పోయినాడు.
సమన్లు మేం ఖాళీ చేసిన బాడుగింటికి పోయి
తిరిగొచ్చినాయంట.

కమలనాథం మంచోడే.
తెల్లకాగితం ముందుకు తోసినాడు.
"డెత్ సర్టిఫికెట్టు పెట్టు, ఆధారు జిరాక్సు పెట్టు.
కోర్టులో మెమో వేస్తాం, నెల పడుతుంది.
ఇప్పుడు ఇట్లా రాయి:
సదరు వ్యక్తి నేను కాను, నా తండ్రి."

"సదరు వ్యక్తి" దాకా పెన్ను బాగానే నడిచింది.
"నేను" అని రాసినా.
"కాను" కాడ ఇంకు దిగలేదు.
విదిలించినా. దిగింది.
రాసినా.
పని కావాల గదా, పిల్లోళ్ల ఫీజులకు
పాల కమీషను చాలదు గదా.

లేచేముందు అడిగినా,
దిద్దకముందు కాగితం
నాకొక జిరాక్సు కావాలని.
"తప్పుల కాగితం నీకెందుకప్పా?"
"మా నాయనకు కోపమొచ్చినట్టు
ఇంకెక్కడా రాసిలేదు సార్."
ఆయన ఏమీ అనలేదు.
మిషను సగం పేజీ నల్లగా ఇచ్చింది.
మచ్చ ఉండే వరస మాత్రం తేటగా పడింది.

మర్నాడు చీకట్లో
క్రేటు దించుతుంటే సెంట్రీ నవ్వినాడు.
"ఏం పరారీ, పాలు తెచ్చినావా?"
"ఇంకో నెల పరారీలోనే ఉంటా అన్నా,
ప్యాకెట్లు లెక్కబెట్టుకో."