మూడో నంబరు బోరు

మా నాయిన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని
చెలకలన్నీ తిరిగేటోడు.
కాయ నిలబడ్డ చోట సున్నం గుర్తు,
గుర్తు మీద బోరు బండి,
చుట్టూ మూగినోళ్లది ఒకటే మాట: నీళ్లు పడ్డయా?
మా సొంత చెలకల నాలుగేస్తే
నాలుగింట్ల దుమ్మే పడ్డది.
ఆ అప్పు మీద నేనొచ్చి ఇక్కడ పడ్డ.

ఇక్కడంటే ఇబ్రీ అవతల, కొండను పొడి చేసే చోటు.
మా దిక్కు దీన్ని కూడ దుబాయే అంటరు.
పగలు రాయి పగులుతది, రాత్రి తారు ఉడుకుతది,
నడుమ నేను మూడు బోర్లకు నాడి చూస్తుంట.
మోటరు లేదు, పైపు లేదు,
తాళమేసిన ఇనుప టోపీ ఒక్కటే.
టేపు జారవిడిస్తే
నలభై ఒక్క మీటర్ల కింద కుయ్యిమంటది.
నీళ్లు తగిలినయన్నట్టు.

నాయిన అడిగింది నీళ్లు పడ్డయా అని.
నేనడిగేది నీళ్లల్ల ఏం పడ్డది అని.

ఒకటోది కొండ పక్క. దానికెప్పుడూ రోగం రాదు.
రెండోది తారు ట్యాంకు పక్క,
ట్యాంకు చుట్టూ నడుమెత్తు గోడ, గోడ కింద నల్లటి ప్లాస్టిక్ పరుపు.
మూడోది వాగు దిక్కు.
వాగు ఎండే ఉంటది గాని దాని కింద తడి నడుస్తది,
నడిచి నడిచి ఖల్ఫాన్ ముసలాయన ఫలజ్‌ల తేలుతది.
ఆ కాలువ నీళ్లు ఖర్జూరాలకు వంతుల లెక్క.
ఒకప్పుడు చుక్కలు చూసి వంతు మార్చేటోళ్లట,
ఇప్పుడాయన చేతికి కాసియో గడియారం.

ఏప్రిల్ల ఒక మంగళవారం
మూడో దాంట్లకెల్లి గొట్టం పైకి గుంజితే
నీటి మీద నెమలికన్నంత రంగు.
ముక్కు దగ్గర పెట్టుకున్న.
డీజిలు.

నాకు ఎరికే ఆ వాసన.
లారీ తొట్టికి తారు అంటకుండ డీజిలు కొట్టి కడుగుతరు.
కడగటానికి సిమెంటు గచ్చుంది, గచ్చుకు చమురు పట్టే గుంత ఉంది,
అది ఆ కొసకు, లైన్ల నిలబడితే ఒక ట్రిప్పు పోతది.
కంకర మీద కడిగితే ఈ ఎండకు నిమిషంల ఆరిపోతది.
ఆరిపోయిందనుకుంటం.
మొదటేడు నేనూ అట్లనే కడిగిన.
ఇప్పుడు కడిగేది రాజలింగు,
నా మంచం మీది మంచమాయనది.

కాగితంల వాసన అని ఒక గడి.
పద్నాలుగు నెలల సంది అండ్ల నిల్ అనే రాస్తున్న.
గొట్టం మురికి కావచ్చు, రేపు మళ్ల తియ్యి, అన్నడు సూపర్‌వైజర్.
మళ్ల తీసిన. కొత్త గొట్టం, కొత్త తాడు.
అదే నెమలికన్ను.

రాత్రి రాజలింగు చింతపండు పిసుకుతుంటే చెప్పిన.
చెయ్యి ఆగలే.
"నలభై మీటర్లురా, అంత కిందికి ఎవడు చూస్తడు?"
"నేనే. నాకు జీతమిచ్చేదే దానికి."
ఇద్దరికీ నవ్వొచ్చింది.
మళ్ల శానా రోజులు రాలే.

రాసిన.
స్మెల్ అన్న ఒక్క ముక్క,
స్పెల్లింగు రెండుసార్లు చూసుకొని.

పదకొండు రోజులు ప్లాంటు బంద్.
కంకర కింద మూడడుగులు తవ్వితే కాటుకలాంటి మన్ను,
పీపాలల్ల నింపి పంపిన్రు.
రాజలింగుకు ఆరు రోజుల జీతం కోత,
అందరి ఓవర్‌టైము మాయం,
మెస్సుల నా పళ్లెం పక్కన కుర్చీ ఖాళీ.
ఫలజ్ దాక చేరలేదని ల్యాబు రాసింది.
'ఇంకా' అనే మాట కూడ రాసింది.
ఖల్ఫాన్‌కు ఇదంత తెల్వదు.
గడియారం చూసుకొని గండి మార్చుకుంటున్నడు.

నిన్న రాత్రి లైటు తీసేసినంక
పై మంచం కిర్రుమన్నది.
ఇరవై రోజులకు మొదటి మాట:
"మూడో దాంట్ల ఏమన్న పడ్డదా?"

"తగ్గింది," అన్న.
"పోలే."