పన్నెండేళ్లు కంటపడనిది

టిరానాలో కుళాయి పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు.
మిగతా పొద్దంతా
మేడల మీదికి మేం ఎక్కించుకున్న ప్లాస్టిక్ ట్యాంకులే మాకు మబ్బులు.
ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదవడం నా ఉద్యోగం.

కొంబినాట్ దాటాక ఏడో బ్లాకులో
మీటరు వెనక్కి తిరుగుతోంది.
సూపర్‌వైజర్ బర్దిల్‌ని అడిగితే నీళ్లు నమిలాడు.
ఆ వారం ఆ వీధిలో నమలడానికి నీళ్లున్నది ఆయనొక్కడికే.

మా నాయనమ్మది మిర్దిత కొండ.
పన్నెండేళ్లు మనిషి కంటపడని పాము
కుల్షెద్ర అవుతుందనేది,
తొమ్మిది నాలుకలు మొలిచి, ఊట మీద చుట్టచుట్టుకుని
ఊరి గొంతు ఎండగడుతుందనేది.
అడవిలో అన్నేళ్లు దాక్కోవడం పాముకి కష్టమే,
మేకల కాపరి ఉంటాడు, పుల్లలేరే పిల్ల ఉంటుంది.
ఇక్కడేం కష్టం?
తలుపుకి నాలుగు తాళాలు,
మెట్ల మీద మాడిపోయిన బల్బు,
పక్కింటివాడి పేరు పోస్టుడబ్బా మీద చదువుకోవాలి.

పంపు గదిలో ఫోను లైటు వేశాను.
పైపు అనుకున్నాను. పైపుకి రెప్పలుండవు.
తుప్పురంగు జుట్టు, సున్నంలా పెళ్లలూడే కొమ్ములు,
మోటారుని గుడ్డులా పొదుగుతూ అది.
తొమ్మిది నాలుకలూ ఒకదాన్నొకటి తోసుకుని
చివరికి ఒక్క మాట అనగలిగాయి:
"ఎవరూ?"

మూడో అంతస్తుకి పరిగెత్తి లేష్ తలుపు బాదాను.
రిటైరైన బస్సు డ్రైవరు. చొక్కా ఎప్పుడూ రెండు సైజులు పెద్దది.
చంకల్లో రెక్కలతో పుట్టిన ద్రాంగువా అని నాకు తెలుసు.
పోయిన మార్చి గాలివానలో
ఎవరిదో దుప్పటి తీగ తెంచుకుని ఎగిరితే
ఐదో అంతస్తు ఎత్తులో పట్టుకున్నాడు,
దిగి, మడతపెట్టి, "ఎవరితో అనకమ్మా" అన్నాడు.
అంటే రెక్కలవాడు బతకడట.
వాళ్లమ్మ కూడా నోరు విప్పకుండానే పోయింది.
(ఇప్పుడు మీతో అంటున్నాను కాబట్టి
ఆయన పేరు లేష్ కాదు.)

పాతకాలపు ద్రాంగువాలు నాగళ్లు విసిరేవాళ్లు,
ఇంటి దూలాలు పీకి కొట్టేవాళ్లు.
ఆయన పాత బస్సు స్టీరింగు పట్టుకుని దిగాడు,
మెట్టుమెట్టుకీ ఆగుతూ.

"ఆలస్యమైంది" అంది కుల్షెద్ర.
"ట్రాఫిక్" అన్నాడాయన.

తర్వాత యుద్ధమేమీ జరగలేదు.
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గుండీలు విప్పాడు.
ఈకలూడిన రెండు రెక్కలు, అరచేతులంత.
అది చూసింది. చాలాసేపు చూసింది.
మేమిద్దరం దాన్ని చూశాం.
ఎవరి కళ్లు ముందు చెమర్చాయో చెప్పలేను గాని
మోటారు కింద తడి మొదలైంది.
వేళకాని వేళ, రాత్రి పదకొండుకి,
బ్లాకంతా కుళాయిలు దగ్గాయి, ఎర్రగా కక్కాయి, పారాయి.
గిన్నెలతో పరుగులు. నిద్రలేపి మరీ పిల్లలకి స్నానాలు.

అది పోలేదు. ఒక కొమ్ము రాలింది, అంతే.
గురువారం గురువారం వెళ్లి చూసొస్తాను.
రిజిస్టర్లో అంకె వేయాల్సిన గడిలో
"చూశాను" అని రాస్తే
"మిర్వేతే, మతి పోయిందా" అని బర్దిల్ తిట్టాడు.

ఇవాళ నలభై ఒకటో నంబరు.
మీటరు ఆరేళ్లుగా కదల్లేదు.
ఖాళీ ఇల్లంటారు పక్కవాళ్లు.
లోపల ఏదో నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి
తలుపు అవతల ఆగింది.

ఆరేళ్లే కదా.
బుగ్గ చెక్కకి ఆనించి, వీలైనంత మామూలుగా,
"నీటి మీటరండీ" అన్నాను.