ఇరవై ఏడో ప్రశ్న

ఇండియానాలో, వార్నెట్ కౌంటీ ఆరోగ్యశాఖలో
మరణాల పట్టిక రాసేదాన్ని నేను.
పుట్టిన రోజే పోయినవాళ్లకీ గడులుంటాయి:
కారణానికి ఒకటి,
దొరికిన చోటుకి ఒకటి.
మొక్కజొన్న గోదాము వెనక, అని రాశానొకసారి.
ఒకసారి, పెట్రోలు బంకు మరుగుదొడ్డి.
ఇంకోసారి చోటు పేరు రాయడానికి చెయ్యాడక
మైలురాయి అంకె మాత్రం వేశాను.

ఆ ఏడాదే అగ్నిమాపక కేంద్రం గోడకి
చిన్న తలుపొకటి పెట్టారు.
తెరిస్తే వెచ్చని తొట్టె.
మూస్తే బయటినుంచి మళ్లీ తెరుచుకోదు.
ఒక నిమిషం ఆగి లోపల గంట మోగుతుంది.
ఆ నిమిషం ఆమెది.
చట్టం ఆమెకిచ్చింది అంతే,
నడిచి వెళ్లిపోవడానికి ఒక నిమిషం,
పేరడగబోమన్న మాట.

వెర్లిన్ స్టోట్జ్ ప్రతి ఆదివారం దాన్ని పరీక్షిస్తాడు.
ఏడు పౌన్ల బంగాళాదుంపల సంచీని
తువ్వాల్లో చుట్టి పడుకోబెడతాడు.
దుంపలకి కూడా తలకింద చెయ్యేస్తాడు.
నేను నవ్వాను.
అతను నవ్వలేదు.

ఫిబ్రవరిలో గంట మోగింది. ఆదివారం కాదు.
ఆకుపచ్చ బాస్కెట్‌బాల్ బనీనే పొత్తిళ్లు,
బొడ్డు షూ లేసుతో కట్టి ఉంది.
లేసు కొత్తది, అన్నాడు వెర్లిన్.
అంటే కొని దాచుకుంది.
అంటే ఎన్నాళ్లుగానో ఒక్కతే భయపడింది.
తలుపునుంచి రోడ్డు దాకా మంచులో అడుగులు,
అడుగుల పక్కన అక్కడక్కడా ఎర్రగా.
అది నివేదికలో రాయలేదతను.
నాతో అన్నాడు.

మూడేళ్లుగా నా గడిలో సున్నా.
రాజధానినుంచి వచ్చినాయన ఆ సున్నాని మెచ్చుకున్నాడు,
తలుపు పక్కన నిలబడి ఫొటో దిగాడు.
సున్నా మంచిదే, నేనెందుకు కాదంటాను.
కానీ ఆ తలుపే లేకపోతే
ఈ పిల్ల చచ్చిపోయేదా,
ఏ పిన్ని చంకలోనో పెరిగేదా,
పట్టిక చెప్పదు.
ఇంకో గడి అసలు గీయనే లేదు:
బిడ్డ లోపల వెచ్చగా ఉంది సరే,
పచ్చి బాలింత ఎటుపోయింది?
మాయ పూర్తిగా పడిందా?
మూడోనాడు జ్వరమొచ్చిందా?
పాలు గడ్డకట్టిన రొమ్ములకి
ఏ గుడ్డ బిగించి చుట్టుకుని
మర్నాడు ఏ పనిలోకి వెళ్లింది?
మా ఊరి పురిటి వార్డు మూతపడి ఆరేళ్లు.
ఇప్పుడు నొప్పులొస్తే నలభై ఒక్క మైళ్లు.
తొట్టెకి మాత్రం డబ్బు
కేకులమ్మి ఒక్క వారంలో పోగుచేశాం.
నేనూ రెండు చేశాను, నిమ్మకాయవి.

తలుపు తీయగానే ఒక కవరు చేతిలో పడుతుంది.
స్టాంపు మాది, చిరునామా మాది, ముప్పై ప్రశ్నలు.
మీ ఇంట్లో చక్కెర జబ్బుందా, గుండె జబ్బుందా, మూర్ఛలున్నాయా.
చాలా కవర్లు తిరిగి రావు.
మేలో ఒకటొచ్చింది. పోస్టు ముద్ర చెరిగిపోయింది.
చక్కెర: మా అమ్మమ్మకి.
గుండె: తెలీదు.
తండ్రి వైపు: ఒక అడ్డగీత,
పెన్ను కాగితాన్ని చీల్చుకుపోయింది.
ఇరవై ఏడు, బిడ్డ గురించి ఇంకేమైనా చెప్పాలా?
అక్కడ చీమల్లాంటి అక్షరాలు:
ఎక్కిళ్లెక్కువ. కడుపులో ఉన్నప్పుడూ అంతే.
నేను ఎడమవైపు తిరిగి పడుకుంటే తగ్గేవి.

నకలు పెంచుతున్నవాళ్లకి పంపాలి. పంపాను.
అసలుది ఫైల్లో ఉండాలి. ఉంది.
మీరెలా ఉన్నారు అని
ముప్పైలో ఎక్కడైనా అడిగామేమోనని వెతికాను.
కొత్త కవర్లన్నిట్లో చివర చేత్తో రాస్తుంటే
పైనుంచి ఉత్తరమొచ్చింది,
అచ్చయిన ఫారానికి ఏదీ చేర్చరాదని.
నూట పన్నెండు రాసేశాను అప్పటికే.

మొన్న ఆదివారం వెర్లిన్
తొట్టెలో దుంపల సంచీని
ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాడు.
ఫైల్లో సంగతులు బయట చెప్పకూడదు.
చెప్పాను.